కొల్లేరులో కిక్కిస కోసే ముందు నేల ఎత్తు, నీటి మట్టం చూడండి

ఏలూరు జిల్లా కలెక్టర్ గారికి, అటవీ శాఖ వన్యప్రాణి విభాగం అధికారులకు, జలవనరుల శాఖ డ్రెయినేజీ ఇంజినీర్లకు బహిరంగ లేఖ

నమస్కారం.

కొల్లేరు సరస్సును కిక్కిస, జమ్ము అనే పొడవాటి నీటి గడ్డి జాతులు కమ్మేశాయన్న మాట వచ్చిన ప్రతిసారీ ఆలోచనంతా యంత్రాల చుట్టూనే తిరుగుతోంది. ఎన్ని ఎకరాలు కోయాలి, ఎన్ని పొక్లెయిన్లు దించాలి, కోసినది ఎక్కడ పొయ్యాలి. ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. అయితే వీటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఆ గడ్డి సరిగ్గా అక్కడే ఎందుకు లేచింది? ఆ చోట నేల ఏ ఎత్తులో ఉందో, దాని మీద ఎంత లోతు నీరు ఏడాదిలో ఎన్నాళ్ళు నిలుస్తోందో తెలిస్తే జవాబు దొరుకుతుంది. ఆ రెండింటినీ పట్టించుకోకుండా కోస్తే కిక్కిస పోదు. మళ్ళీ వానలు పడేసరికి అదే చోట, చాలాసార్లు అంతకంటే ఒత్తుగా లేస్తుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మిగిలిపోయిన వెడల్పాటి పళ్ళెం లాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితోపాటు డెల్టా మురుగు కాలువలూ దీంట్లో పడతాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అదీ సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలవాలి. మూడో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి మూడడుగుల ఎత్తు గీత దాకా నీరుంటే సరస్సు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు దాకా వస్తే 308. పదో కాంటూరుకు చేరితే 901. మూడు నుంచి ఐదుకు ఎత్తులో తేడా రెండడుగులే, అంటే 24 అంగుళాలు. విస్తీర్ణంలో తేడా మాత్రం 173 చదరపు కిలోమీటర్లు. సగటున ఒక్క అంగుళానికి ఏడు చదరపు కిలోమీటర్లకు పైగా, ఎకరాల్లో చెప్పాలంటే 1,700 దాటి. ఉప్పుటేరులో ఏదో అడ్డంకి వల్ల మట్టం నాలుగంగుళాలు ఎక్కువగా నిలిచిపోతే దాదాపు ఏడు వేల ఎకరాల మీద గడ్డి తీరు మారిపోతుంది. లోతైన జలాశయాల్లో ఈ తేడాను ఎవరూ లెక్కపెట్టరు. కొల్లేరులో లెక్కంతా దీంతోనే.

వాలు సంగతి కూడా చూడండి. కిక్కిసకు బాగా నచ్చే లోతు నేల మట్టం నుంచి మీటరు దాకా అనుకుందాం. ఒకటికి రెండు వాలున్న గట్టు పక్కన ఆ లోతు రెండు మీటర్ల వెడల్పులోనే దొరుకుతుంది, కాబట్టి అక్కడ సన్నటి పట్టీ మాత్రమే పెరుగుతుంది. ఒకటికి ఇరవై వాలైతే పట్టీ 20 మీటర్లు. కొల్లేరు సహజమైన నేల వాలు కంటికి ఆనదు, అందుకే ఇక్కడ అదే పట్టీ కిలోమీటర్ల వెడల్పున సాగుతుంది. ఐదో కాంటూరు లోపల కిక్కిస ఉండటం ఈ పల్లం స్వభావం. అది ఎక్కడ ఉండాలి, ఎంత ఒత్తుగా ఉండాలి, నీటి దారులకు అడ్డం రాకుండా ఎలా చూడాలి అన్నవే మన చేతిలో ఉన్నవి.

కిక్కిస ప్రాణమంతా బురదలో పాకే కొమ్ముల్లో ఉంటుంది. ఒక ముక్కను లాగి కడిగి చూడండి. వేలెడు లావు, లోపల బోలు, ప్రతి కణుపు దగ్గరా మొనదేలిన తెల్లటి మొగ్గ. నీటిపైన ఉన్న ఆకులూ కాడలూ ఆ బోలు కాండాల గుండా గాలిని కొమ్ముల దాకా దింపుతాయి. ఎండి నిలబడ్డ పాత కాడలు కూడా ఈ పనికి వస్తాయి. నానిన బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు కాబట్టి ఈ గాలి దారి మూసుకుపోతే కొమ్ము కుళ్ళిపోతుంది. దారి తెరిచి ఉన్నంతకాలం పైన ఎన్నిసార్లు కోసినా, కాల్చినా మొగ్గ లేస్తూనే ఉంటుంది. ముదురు పొద మీటరు లోతు నీటిని హాయిగా తట్టుకుంటుంది. మీటరున్నర దాటి ఎక్కువ కాలం నిలిస్తే పలచబడుతుంది. గింజ దారి వేరు. అది నీళ్ళ కింద దాదాపు మొలవదు, దానికి తడిగా ఉండి వెలుతురు తగిలే బురద కావాలి. మొలిచిన పిల్లమొక్క పూర్తిగా మునిగితే కొద్ది వారాల్లోనే చస్తుంది. కొత్త చోట్లకు కిక్కిస రావడం వేసవిలో నీరు వెనక్కి తగ్గిన అంచుల్లోనే మొదలవుతుంది. ఒకసారి నిలదొక్కుకున్నాక మాత్రం పాకే కాండాలతో లోతు వైపు తానే జరుగుతుంది.

జమ్ము నడక ఇంకో రకం. ఒక్క కంకిలో లక్షకు పైగా గింజలుంటాయి, గాలికి ఎంత దూరమైనా పోతాయి. బెత్తెడు కంటే తక్కువ నీటి కింద కూడా మొలవగలవు. మట్టం ఏడాది పొడుగునా పెద్దగా కదలకుండా, మోకాలి లోతున, ఎరువులు కలిసిన నీరు నిలిచిందంటే జమ్ముకు అంతకంటే కావలసింది లేదు. మట్టం వానాకాలంలో పెరిగి వేసవిలో దిగే చోట కిక్కిస బాగా పోటీ ఇస్తుంది. మట్టం కదలని చోట, పైగా చేపల చెరువుల నీరు, పట్టణ మురుగు చేరే చోట జమ్ము గెలుస్తుంది. ఒక ప్రాంతంలో కొన్నేళ్ళలో కిక్కిస తగ్గి జమ్ము పెరుగుతోందంటే, అక్కడ నీరు కదలడం మానిందేమో ముందు చూడాలి.

సహజమైన వాలున్న చోట ఒడ్డు నుంచి లోపలికి పోతుంటే స్థూలంగా ఒక వరస కనిపిస్తుంది: తుంగ, పొట్టి గడ్డి, తర్వాత కిక్కిస, ఇంకా లోపల జమ్ము, మీటరున్నర దాటాక తామర, కలువ, నాచు. ఈ వరస చెదిరిన చోట కారణం చాలావరకు మనిషి చేతితో మారిన నేలే. కొల్లేరులో దానికి ప్రధాన కారణం పాత చేపల చెరువులు.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి, అంటే అభయారణ్యం హద్దులోని చెరువుల గట్లు కొట్టించారు. అది సరైన పని. అయితే గండి కొట్టడానికీ, గట్టును నేలమట్టం చేయడానికీ చాలా తేడా ఉంది. గండ్లు పడి మిగిలిన గట్ల ముక్కలు చాలా నెలలు నీటిపైనే ఉంటాయి, వాటి మీద లొట్టపీసు, తుమ్మ. గట్టు కోసం మట్టి తవ్విన గోతులు వేసవిలోనూ ఎండవు, గుర్రపుడెక్క ఏడాదంతా ప్రాణం నిలుపుకొని వానాకాలానికి బయటికి పొంగేది అక్కడి నుంచే. చదును చేసిన చెరువు అడుగు అంతా ఒకే ఎత్తు కాబట్టి మొత్తం చెరువు మీద ఒకే లోతు నిలుస్తుంది. ఆ లోతు జమ్ముకు సరిపడిందంటే 50 ఎకరాల చెరువు 50 ఎకరాలూ ఒక్క ఏడాదిలోనే జమ్ము అవుతుంది. వాలున్న నేల మీద ఇలా జరగదు, ఏ ఏడు మట్టం ఎలా ఉన్నా ఎక్కడో ఒక పట్టీ దానికి సరిపడదు. ఇంకో నష్టమూ ఉంది: మిగిలిన గట్లు ప్రవాహాన్ని విరుస్తాయి, వాటి వెనుక ఒండ్రు దిగుతుంది, దిగిన ఒండ్రు మీద కిక్కిస లేస్తుంది, ఆ కిక్కిస మరింత ఒండ్రును పట్టి ఆపుతుంది.

అందుకే మా మొదటి అభ్యర్థన: కోతకు పెట్టే డబ్బులో ముందు వాటా గట్ల ముక్కలను చదును చేయడానికి పెట్టండి. గట్టు మట్టిని దాని పక్క గోతిలోకే నెట్టాలి, పక్క నేల ఎత్తుకు తేవాలి, ఏటవాలు ఒకటికి ఇరవై కంటే నిటారుగా మిగలకూడదు. మట్టిని వేరే చోట కుప్ప పోస్తే కొత్త గట్టు కట్టినట్టే. ఈ పని ఏప్రిల్, మే నెలల్లో నేల యంత్రం బరువు మోసేటప్పుడు చేయాలి. బురదలో చేస్తే యంత్రం గొలుసులు తొక్కిన గాళ్ళలో నీరు నిలిచి, ఆ గాళ్ళ వెంబడే జమ్ము వరసలు లేస్తాయి.

రెండోది ఉప్పుటేరు మీద కట్టాలంటున్న రెగ్యులేటర్ల, అంటే నీటిని ఆపే గేట్ల కట్టడాల సంగతి. సముద్రపు పోటుతో ఉప్పునీరు పైకి ఎగబాకకుండా ఆపడం, వేసవికి కొంత నీరు నిలపడం న్యాయమైన అవసరాలే, మేము వాటిని కాదనడం లేదు. మా ఆందోళన గేట్లు నడిపే పద్ధతి గురించి. మణిపూర్ లోక్‌తక్ సరస్సులో 1983లో ఇథాయ్ బ్యారేజీ నడక మొదలైంది. విద్యుత్తు కోసం ఏడాదంతా నీటిని ఎత్తులోనే నిలిపారు. అంతకుముందు అక్కడి ఫుమ్డీలు, అంటే తేలే గడ్డి దిబ్బలు, ఎండాకాలంలో నీటితోపాటు దిగి అడుగు నేలను తాకేవి, మొక్కల వేళ్ళు ఆ నేల నుంచి సారం తీసుకునేవి. మట్టం దిగడం ఆగాక ఆ సరస్సులోని కైబుల్ లమ్‌జావో జాతీయ పార్కులో దిబ్బలు పలచబడ్డాయి. వాటి మీదే బతికే సంగాయ్ జింక బరువును మోసే మందం తగ్గిపోయింది. కొల్లేరులో ఫుమ్డీలు లేవు. కానీ ఏడాదంతా ఒకే మట్టం పెడితే ఇక్కడ కూడా నేల ఎండదు, జమ్ము ఆగదు, కుళ్ళిన ఆకు పొర పేరుకుపోతుంది. రెగ్యులేటరు కడితే గేట్లకు నెలవారీ మట్టం పట్టిక తప్పనిసరిగా ఉండాలి, అది ముందుగానే అందరికీ తెలియాలి.

ఆ పట్టిక ఎలా ఉండాలో మా సూచన ఇది. అక్టోబరు దాటాక వరద నీటిని వారాల తరబడి నిలపకుండా క్రమంగా వదలాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగో కాంటూరు పైభాగంలో చీలమండ లోతు చాలు, వలస వచ్చిన బాతులకూ ఉల్లంకులకూ అదే మేత నేల. డెల్టా కాలువలు కట్టేసిన తర్వాత మట్టం ఎలాగూ పడిపోతుంది. అప్పుడు నాలుగుకూ ఐదుకూ మధ్య నేల కనీసం నెల రోజులు ఎండి, పగుళ్ళు తేలాలి. అలా ఎండితే గుర్రపుడెక్క చస్తుంది, కుళ్ళిన ఆకు పొర గాలి తగిలి కరిగిపోతుంది, నేల గట్టిపడుతుంది. మూడో కాంటూరు లోపలి నీటిని మాత్రం చేపల కోసం కాపాడాలి. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు, మట్టాన్ని సగం దించి ఆపేయడం. రెండంగుళాల తడి బురదను నెలల తరబడి ఉంచితే అది జమ్ముకు నారుమడి. దించితే పూర్తిగా ఎండనివ్వాలి, లేదా అసలు దించకూడదు. మరీ ముఖ్యంగా పాత చెరువుల చదును అడుగు ఏ ఎత్తులో ఉందో ఆ ఎత్తు దగ్గర మట్టాన్ని నిలబెట్టకూడదు. జూన్, జులైలలో నీరు ఎక్కే వేగమూ గమనించాలి. కిక్కిస పిలక రోజుకు రెండు మూడు సెంటీమీటర్లు ఎదుగుతుంది. నీరు అంతకంటే వేగంగా ఎక్కి కొనను మించి వారాల పాటు నిలిస్తే ఆ పిలక చస్తుంది. పిలకలు పోగొట్టుకోవలసిన చోట ఇది పనికొచ్చే ఆయుధం, పక్షుల కోసం ఉంచుకోవలసిన చోట నష్టం. బుడమేరుకు 2024 సెప్టెంబరులో వచ్చినటువంటి వరదను గేట్లతో ఎవరూ అదుపు చేయలేరు. కానీ ఉప్పుటేరు దారి శుభ్రంగా ఉంటే వరద తర్వాత మట్టం దిగే వేగం మన చేతిలో ఉంటుంది.

ఇక కోత. ఎందుకు కోస్తున్నామో తేల్చుకోకుండా మొదలుపెట్టకూడదు, ఎందుకంటే బతికించడానికి కోసే పద్ధతీ చంపడానికి కోసే పద్ధతీ పూర్తిగా ఎదురెదురు.

జనవరి, ఫిబ్రవరిలో కిక్కిస కాడ పసుపు రంగుకు తిరుగుతుంది. అప్పటికే సారం కొమ్ముల్లోకి దిగిపోయి ఉంటుంది. దడులకూ, తడకలకూ, ఇళ్ళ కప్పులకూ కోయడానికి సరైన అదను అదే. నీటిపైన జానెడు కొయ్యకాళ్ళు మిగిల్చి కోస్తే పొదకు ఏ హానీ లేదు, పాత చెత్త పోయి కొత్త పిలక బాగా వస్తుంది. ఏటా మొత్తం కోయకుండా మూడు వంతుల్లో ఒక వంతు చొప్పున మార్చుకుంటూ పోతే పక్షులకు ఎప్పుడూ పాత పొద దొరుకుతుంది. గిజిగాళ్ళు, నీటికోళ్ళు, పొదల్లో దాగే కొంగలు దాని మీదే ఆధారపడ్డాయి.

చంపవలసిన చోట, అంటే కాలువ దారుల్లో, కొయ్యకాళ్ళు నీళ్ళ కింద ఉండాలి. జమ్ము కంకి బయటికి వచ్చే సమయంలో దుంపలోని నిల్వ తక్కువగా ఉంటుంది. అప్పుడు నేలకు వీలైనంత దగ్గరగా కోసి, కోసిన మొదళ్ళ మీద కనీసం 10 సెంటీమీటర్ల నీరు నెల రోజులు తగ్గకుండా ఉంటే, గాలి అందక కొమ్ములు చాలావరకు కుళ్ళిపోతాయి. మొదళ్ళు కొన్నైనా పైకి తేలి ఉంటే పని వృథా, ఆ కొద్ది గొట్టాలే మిగతా కొమ్ములకు ఊపిరి అందిస్తాయి. అందుకే మే నెలలో ఎండు నేల మీద కోసి వానలు ఆలస్యమైతే పొద రెట్టింపవుతుంది. కొమ్ములు నిండుగా ఉన్నాయి, పైన నీడ పోయింది, ఎండ తగిలింది. మరో ఇబ్బందీ ఉంది: వానాకాలం పొదల్లో నీటికోళ్ళు గుడ్లు పెట్టే కాలం. కాబట్టి ఈ నీటి కింది కోత కాలువ దారులకూ, 10, 15 మీటర్ల వెడల్పు వంకర దారులకూ పరిమితం కావాలి, ముందు రోజు పడవలో తిరిగి గూళ్ళు చూసుకున్నాకే యంత్రం దిగాలి. ఆటపాకలో గూడబాతుల కాలనీ చుట్టుపక్కల గూళ్ళ కాలంలో ఏ యంత్రమూ తిరగకూడదు.

పొక్లెయిన్‌తో పెకలించడం చూడటానికి శుభ్రంగా ఉంటుంది. లోపల జరిగేది వేరు. బకెట్ కొమ్మును ముక్కలు చేస్తుంది, కణుపున్న ప్రతి ముక్కా కొత్త మొక్క కాగలదు, నీటితో కొట్టుకుపోయి కింది కాలువల్లో నాటుకుంటుంది. పెకలించింది ఒడ్డున పోస్తే అది కొత్త దిబ్బ. కోసిన గడ్డిని నీళ్ళలోనే వదిలేస్తే కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది, చేపలు తేలతాయి, దానిలోని నత్రజని, భాస్వరం తిరిగి నీటిలోకే వచ్చి జమ్ముకు ఎరువవుతాయి. కోసింది కోసినట్టే ఐదో కాంటూరు బయటికి తరలించే ఏర్పాటు లేకపోతే కోతే పెట్టవద్దు. నిప్పు పెట్టడం అసలే వద్దు. పైన కాడ కాలుతుంది, కొమ్ముకు సెగ కూడా తగలదు, బూడిద ఎరువవుతుంది, పోయేది గూళ్ళే.

ఉప్పుటేరు విషయంలో మాత్రం మాకు ఏ శషభిషా లేదు. పెదఎడ్లగాడి దగ్గర మొదలయ్యే దారిలో, వంతెనల ఖానాల్లో కిక్కిస, తూడు, గుర్రపుడెక్క ఏ రూపంలోనూ ఉండకూడదు. వాలు ఎలాగూ అతి తక్కువ, పోటు సమయంలో నీరు వెనక్కి తంతుంది. దానికి గడ్డి రాపిడి తోడైతే అదే నీటిని పంపడానికి సరస్సు మట్టం ఇంకా ఎత్తుకు చేరాలి. పైన చెప్పిన అంగుళాల లెక్క ఇక్కడ లంక గ్రామాల పొలాల మీద, ఇళ్ళ మీద పడుతుంది. ఏటా జూన్ మొదటి వారానికి ముందే ఈ దారి శుభ్రం కావాలి, అక్టోబరులో ఇంకోసారి చూడాలి.

ఏర్లు వచ్చి పడే చోట్ల సంగతి వేరు. అక్కడ ఏటా కొత్త ఒండ్రు విసనకర్ర ఆకారంలో పరుచుకుంటుంది, దాని మీద కిక్కిస లేవడం ఖాయం. 2000లో చిలికలో కొత్త సముద్ర ముఖద్వారం తెరిచాక ఉప్పదనం పెరిగి మంచినీటి కలుపు బాగా తగ్గింది. అయినా నదులు పడే ఉత్తర భాగంలో కిక్కిస నిలిచే ఉంది, ఎందుకంటే మంచినీరూ ఒండ్రూ అక్కడికి వస్తూనే ఉన్నాయి. కాబట్టి బుడమేరు, తమ్మిలేరు ముఖాల దగ్గర కిక్కిసతో పోరాడే బదులు, ఒండ్రును అభయారణ్యానికి ఎగువనే దింపుకొనే మడుగులు తవ్వి, వాటిని ఏటా పూడిక తీసే ఏర్పాటు చేయండి. ఆ ముఖాల్లోని కిక్కిస మురుగును వడగట్టే పని చేస్తుంది, మధ్యలో ఒక దారి తెరిచి మిగతాది ఉండనివ్వండి.

ఇవన్నీ చేయాలంటే కొలతలు కావాలి. సరస్సులో కనీసం మూడు చోట్ల నీటి మట్టం చూపే గేజి స్తంభాలు పాతి, మూడింటి సున్నానూ ఒకే సముద్ర మట్టపు ప్రమాణానికి కట్టండి. వేర్వేరు శాఖల గేజీలు వేర్వేరు సున్నాలతో ఉంటే అడుగు తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాదు. ఈదురుగాలి నీటిని ఒక పక్కకు నెడుతుంది కాబట్టి రీడింగు గాలి లేని తెల్లవారుజామున తీయాలి. ఒడ్డు నుంచి లోపలికి అడ్డగీతలు గీసి, ప్రతి 20 మీటర్లకూ ఒకసారి కర్రతో నీటి లోతు, మెత్తటి బురద మందం విడివిడిగా కొలవాలి. కర్ర బురదలో దిగినంత దాన్నీ నీటి లోతుగా రాసేస్తే పటమంతా తప్పుతుంది. అదే చోట మీటరు చదరపు చట్రం వేసి ఎన్ని కాడలు, ఏ జాతి, ఎంత ఎత్తు, పచ్చివెన్ని, ఎండువెన్ని రాసుకోవాలి. ఆ పూట గేజి రీడింగులోంచి లోతు తీసేస్తే నేల ఎత్తు వస్తుంది. మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి చేస్తే చాలు. అడుగు కాంటూర్లు ఇక్కడ సరిపోవు, 10 సెంటీమీటర్లకు ఒక గీతతో పటం కావాలి. దాని మీద గేజి లెక్కలు వేస్తే ఏ చోట ఏ లోతు ఎన్ని రోజులు నిలిచిందో తేలుతుంది, ఎక్కడ కోయాలో, ఎక్కడ మట్టి సర్దాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆ పటమే చెబుతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ అభయారణ్యంలో ఆవాసాన్ని పాడుచేయడాన్నే కాక, నీటి ప్రవాహాన్ని మళ్ళించడం, ఆపడం, పెంచడాన్ని కూడా అనుమతి లేకుండా నిషేధిస్తుంది. కోతకు ఒక ఫైలు, గేట్లకు ఒక ఫైలు, పూడికకు ఒక ఫైలుగా కాకుండా మూడింటికీ ఒకే ప్రణాళిక రాసి ఒకే అనుమతి కింద తెండి. జనవరి కోతను లంక గ్రామాల వారికే అప్పగించండి. ఏ పొద ఏ ఏడు ఎక్కడిదాకా వచ్చిందో వారికి తెలుసు, కోసిన గడ్డి వారికి పనికొస్తుంది.

ఈ వేసవిలోపు మూడు గేజీలు నిలిపి, వాటి రీడింగులు వారానికోసారి పంచాయతీల నోటీసు బోర్డుల మీద పెట్టించమని కోరుతున్నాం. 10 సెంటీమీటర్ల పటం చేతికి వచ్చేదాకా ఉప్పుటేరు దారి, వంతెనల ఖానాలు తప్ప మరెక్కడా యంత్రాలతో కోత టెండర్లు పిలవవద్దని మనవి.

ఇట్లు,
కొల్లేరు నీటి మట్టాలనూ నీటి మొక్కలనూ పరిశీలిస్తున్నవారు